వెరసి ఎంత అని రాసే ముందు

కాగితం అడుగున ఒక గీత గీసి, దాని కింద ‘మొత్తం’ అని రాయడం తేలిక. ఆ గీత కింద వచ్చిన అంకెకు అర్థం ఉందో లేదో తేల్చుకోవడం కష్టం. నేను 29 ఏళ్లు నదుల్లో నీటిని కొలిచే పని చేశాను. వాన ఎంత పడింది, నీటిమట్టం ఎంత ఉంది, ఎంత నీరు పారింది, రోజూ ఇవే లెక్కలు. ఆ పనిలో సగం కొలవడం, సగం కూడడం. ఇన్నేళ్లలో కొలతలో దొర్లిన తప్పుల కంటే కూడికలో దొర్లిన తప్పులనే నేను ఎక్కువగా చూశాను. అవి కూడడం చేతకాక జరిగినవి కావు. ఏది దేనితో ఎలా కలుస్తుందో చూడకుండా కూడడం వల్ల జరిగినవి.

ఒకసారి కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు ఒక పట్టిక తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూడు వర్షమాపకాల్లో ముందురోజు నమోదైన వాన: 20, 40, 90 మిల్లీమీటర్లు. అడుగున ఎర్ర సిరాతో మొత్తం 150 మిల్లీమీటర్లు. కూడిక తప్పు లేదు. “బాబూ, ఇంకో రెండు చోట్ల వర్షమాపకాలు పెడితే వాన పెరుగుతుందా?” అని అడిగాను. “పెరగదండీ” అన్నాడు. “మరి నీ మొత్తం పెరుగుతుందిగా?” అన్నాను. కాసేపు పట్టిక వైపు చూసి, తనే ఆ 150ని కొట్టేశాడు.

ఎవరు ఏ లెక్క తెచ్చినా నేను మొదట వేసే ప్రశ్న ఇదే. కొలిచే చోట్లు పెంచితే, మనుషులను పెంచితే, పట్టికలో వరుసలు పెంచితే మొత్తం దానంతట అదే పెరిగిపోతోందా? పెరిగిపోతోంటే, అసలు సంగతి మాత్రం మారకుండా అక్కడే ఉంటే, అది కూడవలసిన అంకె కాదు.

పోగుపడేవి, కలిసిపోయేవి

తెలుగులో కూడడానికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. కూడడం, కలపడం, చేర్చడం, జోడించడం, పోగుచేయడం, జమ వేయడం. కథలను ఒకచోట చేర్చినా సంకలనమే, అంకెలను కూడినా సంకలనమే. బడిలో వీటన్నింటికీ ఒకే గుర్తు నేర్పారు. నిలువు గీత మీద ఒక అడ్డగీత. లెక్క వేయడానికి అది చాలు. కానీ ఈ మాటలన్నీ ఒకే పనిని చెప్పవు. నా పనిలో నేను రెండు మాటలను గట్టిగా పట్టుకున్నాను: పోగుపడటం, కలిసిపోవడం.

30 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు ఒక బకెట్ నిండా ఉన్నాయి. అలాంటిదే ఇంకో బకెట్ ఉంది. రెండింటినీ ఒక తొట్టిలో పోస్తే నీళ్లు రెట్టింపవుతాయి, బరువు రెట్టింపవుతుంది. వేడి మాత్రం 60 డిగ్రీలు కాదు, 30 దగ్గరే ఉంటుంది. నీళ్లు పోగుపడతాయి, ఉష్ణోగ్రత కలిసిపోతుంది. పొడవు, బరువు, వైశాల్యం, మనుషుల సంఖ్య, గడిచిన సమయం పోగుపడేవి. ఉష్ణోగ్రత, సాంద్రత, వేగం, ఉప్పదనం, శాతం కలిసిపోయేవి. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే సరిగ్గా ఇలాంటిదే ఇంకొకటి పక్కన పెట్టినట్టు ఊహించుకోండి. అంకె రెట్టింపయితే పోగుపడేది. ఉన్నచోటే ఉంటే కలిసిపోయేది.

కలిసిపోయేవాటిని అసలు కూడకూడదా అంటే, కూడవచ్చు. ముందు వాటిని పోగుపడేవాటిగా మార్చుకోవాలి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోవాలనుకుంటే ఈ మెలకువను గుర్తుంచుకోండి. 20 డిగ్రీల నీళ్లు 10 లీటర్లు, 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు కలిపారు. 20, 40ల సగటు 30 అని రాయకండి. ప్రతి డిగ్రీకీ అది ఎన్ని లీటర్లకు సంబంధించిందో తగిలించండి. 10 సార్లు 20 అంటే 200, 30 సార్లు 40 అంటే 1200. ఇవి పోగుపడతాయి: 1400. లీటర్లూ పోగుపడతాయి: 40. ఇప్పుడు భాగించండి. 35 డిగ్రీలు వస్తుంది. పాత్రకు కొంచెం వేడి పోతే పోవచ్చు, కానీ లెక్క ఇదే.

ఆ కుర్రవాడి పట్టికను కూడా ఇలాగే సరిచేశాం. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే సరిగ్గా ఒక లీటరు. అంటే వర్షమాపకం చెప్పే మిల్లీమీటర్లు లోతు మాత్రమే. ఎంత నేల మీద పడింది అన్నది తగిలిస్తేనే అవి నీళ్లవుతాయి. అయితే ఏ వర్షమాపకం ఎంత నేలకు సాక్ష్యం చెబుతుంది? దీనికి 1911లో అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు థీసెన్ చూపిన దారి ఇప్పటికీ వాడుకలో ఉంది. పటం మీద పక్కపక్క వర్షమాపక కేంద్రాలను గీతలతో కలిపి, ప్రతి గీతకూ సరిగ్గా మధ్యలో లంబరేఖ గీస్తారు. ఆ రేఖల మధ్య ఏర్పడిన గడిలోని నేలంతా తనకు అన్నింటికంటే దగ్గరున్న కేంద్రానికి చెందుతుంది. మా లెక్కలో 20 మిల్లీమీటర్ల కేంద్రానికి 50 చదరపు కిలోమీటర్లు, 40 కేంద్రానికి 30, 90 కేంద్రానికి 20 వచ్చాయి. తగిలించి కూడితే 1000, 1200, 1800, మొత్తం 4000. దాన్ని 100 చదరపు కిలోమీటర్లకు పంచితే 40 మిల్లీమీటర్లు. ఊరికే సగటు తీసి ఉంటే 50 వచ్చేది. ఆ పది మిల్లీమీటర్ల తేడా అంటే వంద చదరపు కిలోమీటర్ల మీద పది లక్షల ఘనమీటర్ల నీరు. ఎవరూ చూడని నీరు, ఆకాశం నుంచి పడని నీరు, కాగితం మీద పుట్టేది.

పోగుపడేవి కూడా కొన్నిసార్లు మాట తప్పుతాయని ఇక్కడే చెప్పాలి. 50 మిల్లీలీటర్ల నీళ్లలో 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్ పోసి చూడండి. వంద రాదు, 96, 97 దగ్గర ఆగుతుంది. రెండు రకాల అణువులు కలిసినప్పుడు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకుని మరింత దగ్గరగా చేరతాయి. బరువు మాత్రం ఎక్కడికీ పోదు. వాయువులు ఇంకా విచిత్రం. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిసి మండితే, అదే వేడిలో అదే ఒత్తిడిలో వచ్చే నీటి ఆవిరి మూడు లీటర్లు కాదు, రెండు. మన వ్యాకరణంలో బహువ్రీహి సమాసం ఇలాంటిదే. చక్రం, పాణి అనే రెండు పదాలు కలిస్తే చక్రమూ రాదు, చెయ్యీ రాదు. ఆ రెంటిలో ఎక్కడా లేని విష్ణువు వస్తాడు. తల్లిదండ్రులు అన్నప్పుడు మాత్రం ఇద్దరూ అలాగే ఉంటారు, అది ద్వంద్వం. కలిశాక ముక్కలు ముక్కలుగానే మిగిలాయా, వేరే వస్తువు పుట్టిందా అని అడగడం లెక్కలోనూ అవసరమే. ద్రవాలు కలిపే పనుల్లో అందుకే బరువుతో కూడడం మేలు.

ఏ దారిన కూడుతున్నాం

అవే అంకెలను, అవే కొలమానాలతో, ఒక దారిలో కూడితే ఒప్పు, ఇంకో దారిలో కూడితే తప్పు. నాకు ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

వానను తీసుకోండి. ఒకే వర్షమాపకంలో సోమవారం 20, మంగళవారం 40, బుధవారం 90 మిల్లీమీటర్లు పడితే, మూడు రోజుల వాన 150 అని నిశ్చింతగా రాయవచ్చు. అంటే వాన కాలం వెంబడి పోగుపడుతుంది, చోటు వెంబడి కలిసిపోతుంది. ప్రవాహం సరిగ్గా దీనికి తలకిందులు. ఒక నదిలో సెకనుకు 300 ఘనమీటర్లు, వచ్చి కలిసే ఉపనదిలో 120 ఘనమీటర్లు అదే సమయంలో పారుతుంటే, సంగమం దిగువన 420 పారుతుంది. చోటు వెంబడి పోగుపడింది. కానీ ఉదయం 300, సాయంత్రం 120 పారితే ఆ రోజు ప్రవాహం 420 కాదు. అలాంటి ప్రవాహం ఆ రోజు ఎప్పుడూ లేదు.

పత్రికల్లో రోజూ కనిపించే క్యూసెక్కులు, టీఎంసీల విషయంలో చదువరులు తడబడేది ఇక్కడే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది నీటి పరుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది నీటి రాశి. పరుగును కాలంతో గుణిస్తేనే రాశి వస్తుంది. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. రెండు కాలువల క్యూసెక్కులను కూడండి. రెండు పూటల క్యూసెక్కులను కూడకండి.

ఇంకో చిక్కు ఉంది. ఒకే నది మీద ఎగువన ఒక కేంద్రం, దిగువన ఒక కేంద్రం ఉన్నాయనుకుందాం. ఎగువన 400, దిగువన 450. వేరువేరు చోట్లు, ఒకే సమయం. కూడవచ్చా? కూడకూడదు. ఎగువ కేంద్రం దాటిన నీరే దిగువ కేంద్రానికి వస్తుంది. 850 అని రాస్తే ఒకే నీటిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. కొమ్మల దగ్గర కూడాలి, కాండం పొడవునా కూడకూడదు. ఇది నదికే కాదు. చేతులు మారుతూ సాగే దేన్నైనా మజిలీ మజిలీకీ లెక్కపెట్టి కూడితే ఇదే జరుగుతుంది.

ఏటి మధ్యలో

ముక్కలను కూడి మొత్తం చేయడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూపిస్తాను. ఆరు మీటర్ల వెడల్పున్న ఒక చిన్న ఏరు. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు కొలతలు గుర్తుపెట్టిన తాడు కట్టాం. ప్రతి మీటరు దగ్గరా ఆగి, కొలకర్ర దింపి లోతు చూస్తాం. తర్వాత అదే చోట నీటివేగం కొలిచే పరికరాన్ని దింపుతాం. దాన్ని మేం కరెంట్ మీటరు అంటాం, ఇంటి గోడకు ఉండే విద్యుత్ మీటరు కాదు. చిన్న చిన్న గిన్నెలున్న చక్రం అది. నీరు తోస్తుంటే తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ చెవిలో పెట్టుకున్న గొట్టంలో టక్కుమని వినిపిస్తుంది. ఒక చేతిలో గడియారం పట్టుకుని ఆ టక్కులను లెక్కపెడతాం. లోతు తక్కువుంటే పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో ఒక్కసారి కొలిస్తే చాలు. లోతు ఎక్కువుంటే పదింట రెండు వంతుల దగ్గర ఒకసారి, ఎనిమిది వంతుల దగ్గర ఒకసారి కొలిచి సగటు తీస్తాం. అడుగున నేల రాపిడికి నీరు మెల్లగా పోతుంది, పైన వేగంగా పోతుంది, కాబట్టి ఏదో ఒకచోట కొలిస్తే మోసపోతాం.

ఆ రోజు లోతులు వరుసగా 0.4, 0.8, 1.0, 0.7, 0.3 మీటర్లు. వేగాలు సెకనుకు 0.3, 0.5, 0.6, 0.5, 0.2 మీటర్లు. ప్రతి కొలతా తనకు అటు అరమీటరు, ఇటు అరమీటరు మేరకు, అంటే ఒక మీటరు వెడల్పు ముక్కకు వర్తిస్తుంది. ఒడ్డుల పక్కనున్న అరమీటరు ముక్కలను వదిలేశాం.

ఇక్కడ రెండు దారులున్నాయి. తొందరలో ఉన్నవాడు లోతులన్నీ కూడి వైశాల్యం 3.2 చదరపు మీటర్లు అంటాడు, వేగాల సగటు 0.42 అంటాడు, రెంటినీ గుణించి 1.344 అంటాడు. ఓపిక ఉన్నవాడు ఏ ముక్కకు ఆ ముక్క గుణిస్తాడు. 0.12, 0.40, 0.60, 0.35, 0.06. వీటిని కూడితే సెకనుకు 1.53 ఘనమీటర్లు. మొదటి లెక్కలో ఎనిమిదింట ఒక వంతు నీరు మాయమైంది. ఎందుకంటే ఏటి మధ్యలో లోతూ ఎక్కువ, వేగమూ ఎక్కువ. రెండూ ఒకేచోట ఎక్కువగా ఉండడంలోనే నీరంతా ఉంది. విడివిడిగా సగటు తీసినప్పుడు ఆ పొత్తు తెగిపోయింది. ముందు గుణించి తర్వాత కూడడం, ముందు కూడి తర్వాత గుణించడం ఒకటి కాదు. రెండు లక్షణాలు కలిసి పెరిగే ప్రతిచోటా ఇది గుర్తుండాలి. ఇక్కడ ఉదాహరణ కోసం అయిదు ముక్కలే తీసుకున్నాను. నిజమైన కొలతలో ఏ ఒక్క ముక్కలోనూ మొత్తం ప్రవాహంలో పదో వంతు కంటే ఎక్కువ రాకుండా చూసుకోవడం మంచి పద్ధతి.

ముక్కలు ఇంకా సన్నగా, ఇంకా సన్నగా చేస్తూ పోతే ఒక నిజమైన విలువకు దగ్గరవుతాం. దాన్నే గణితంలో సమాకలనం అంటారు. కళాశాలలో ఆ పేరు వినగానే బెదిరిపోయిన వాళ్లకు ఒక మాట చెప్పాలి. సమాకలనానికి వాడే ఆ పొడవాటి వంపు గుర్తు ‘ఎస్’ అనే అక్షరమే. లాటిన్‌లో మొత్తం అనే అర్థమిచ్చే ‘సుమ్మా’ అనే మాటకు అది మొదటి అక్షరం. జర్మన్ గణితవేత్త లైబ్‌నిజ్ దాన్ని 1675 అక్టోబరు 29న తన కాగితాల్లో మొదటిసారి రాసుకున్నాడు. విడివిడి అంకెల మొత్తానికి వాడే సిగ్మా గుర్తును 1755లో స్విస్ గణితవేత్త ఆయిలర్ వాడాడు. అదీ ‘ఎస్’ శబ్దమే, గ్రీకులో. రెండూ కూడిక గుర్తులే. ఏటికి అడ్డంగా తాడు కట్టి ముక్కముక్కనూ కొలిచినవాడు, పేరు తెలియకపోయినా, సమాకలనం చేసినట్టే.

కాలం వెంబడి కూడేటప్పుడు ముక్కల సన్నదనం ఎంత ముఖ్యమో ఒక వరద రోజున తెలిసింది. ఆరు గంటలకోసారి చదివిన ప్రవాహం, సెకనుకు ఘనమీటర్లలో: ఉదయం ఆరింటికి 2, మధ్యాహ్నం పన్నెండింటికి 6, సాయంత్రం ఆరింటికి 4, అర్ధరాత్రి 2. పక్కపక్క రెండు అంకెల సగటు తీసి కాలంతో గుణిస్తే 4, 5, 3, ఒక్కొక్కటీ ఆరు గంటలు. మొత్తం 2,59,200 ఘనమీటర్లు. తర్వాత, ఉదయం తొమ్మిదింటికి గట్టు మీదున్నవాళ్లు నీటిమట్టం చూపే గేజి చదివి రాసి ఉంచిన కాగితం దొరికింది. ఆ సమయంలో ప్రవాహం 10. ఆ ఒక్క అంకెను మధ్యలో చేర్చి లెక్క వేస్తే 3,24,000 అయింది. నాలుగో వంతు పెరిగింది. కూడికలో తప్పు లేదు, వరద శిఖరం రెండు కొలతల మధ్య జారిపోయింది. ఏదైనా వేగంగా మారుతున్నప్పుడు తరచుగా చదవండి, నెమ్మదిగా మారుతున్నప్పుడు అరుదుగా చదివినా చాలు. సమానమైన ఎడం పాటించడం చూడడానికి అందంగా ఉంటుంది, అంతే.

నీటిమట్టాలతో పనిచేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మట్టాల సగటు తీసి దాని నుంచి ప్రవాహం లెక్కగట్టకండి. ప్రతి మట్టాన్నీ ముందు ప్రవాహంగా మార్చి ఆ తర్వాతే కూడండి. మట్టం కొంచెం పెరిగితే ప్రవాహం చాలా పెరుగుతుంది కాబట్టి, ముందే సగటు తీస్తే వరద చిన్నదిగా కనిపిస్తుంది.

కూడడానికి ఇంకో వరుస కూడా ఉంది, నాకు అది చాలా ఇష్టం. ఏడాదిలోని 365 రోజుల ప్రవాహాన్ని తేదీల వరుసలో కూడవచ్చు. లేదా తేదీలు పక్కనపెట్టి, పెద్ద అంకె నుంచి చిన్న అంకె వరకు పేర్చి, ఏ స్థాయి ప్రవాహం ఎన్ని రోజులుందో చూసి కూడవచ్చు. మొత్తం ఒకటే వస్తుంది. రెండో దారిలో మాత్రం ఎన్ని రోజులు నది పలచబడిందో కళ్లకు కడుతుంది. ఫ్రెంచి గణితవేత్త లెబెగ్ 1902లో సమాకలనాన్ని ఈ దృష్టితోనే కొత్తగా నిర్మించాడు. జేబులోంచి నాణేలు చేతికి వచ్చిన వరుసలో లెక్కపెట్టడానికీ, విలువల వారీగా విడదీసి లెక్కపెట్టడానికీ ఉన్న తేడా అని ఆయనే పోల్చి చెప్పాడు.

రెండుసార్లు పడినవి

జాబితాలు కూడేటప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. వరదలో నీరు చేరిన ఇళ్లు 48, విద్యుత్తు పోయిన ఇళ్లు 35. దెబ్బతిన్న ఇళ్లు 83 అని రాసేస్తారు. రెండు జాబితాల్లోనూ ఉన్న ఇళ్లు 20 అయితే అసలు సంఖ్య 63. రెండు జాబితాలను కూడేముందు పేర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. పేర్లు లేకుండా అంకెలు మాత్రమే చేతికి వస్తే కూడడం మానేసి, 48కి తక్కువ కాదు, 83కి ఎక్కువ కాదు అని రాయండి. ఆ రెండు హద్దులూ నిజం. సాయం అందాల్సిన ఇళ్ల లెక్కలో నిజమైన హద్దు తప్పుడు అంకె కంటే ఎంతో మేలు చేస్తుంది.

దిక్కు ఉన్నవి

పడవకు నిశ్చలమైన నీటిలో సెకనుకు 4 మీటర్ల వేగం, ఏటికి 3 మీటర్ల వేగం. పడవను ఒడ్డుకు అడ్డంగా నడిపితే నేల మీద నుంచి చూసేవారికి 7 కాదు, 5 కనిపిస్తుంది. వాలుగా పోతుంది. 3, 4 భుజాలున్న లంబకోణ త్రిభుజానికి కర్ణం 5. ప్రవాహం వెంట పోతే 7, ఎదురీదితే 1. అవే రెండు అంకెలకు దిక్కును బట్టి మూడు మొత్తాలు.

రానూపోనూ వేగం సగటు తీయడంలోనూ జాగ్రత్త అవసరం. ప్రవాహం వెంట గంటకు 5 కిలోమీటర్లు, ఎదురులో 3. సగటు 4 అనిపిస్తుంది. 15 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 3 గంటలు, 5 గంటలు, కలిపి 8 గంటలు. 30ని 8తో భాగిస్తే 3.75. మెల్లగా పోయే దారిలోనే ఎక్కువసేపు గడుపుతాం కదా. దూరాన్ని కూడండి, సమయాన్ని కూడండి, వేగాన్ని చివర్లో తీయండి.

కొలతల్లోని అనుమానాలు కూడా ఈ త్రిభుజం దారినే కూడతాయి. వైశాల్యం కొలతలో 3 శాతం, వేగం కొలతలో 4 శాతం తేడా ఉండవచ్చనుకుందాం. రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, గుణించగా వచ్చిన ప్రవాహంలో తేడా 7 శాతం కాదు, 5 శాతం. ఒకటి ఎక్కువ చూపినప్పుడు రెండోది తక్కువ చూపే అవకాశమూ ఉంది. అయితే పరికరమే అరిగిపోయి ప్రతిసారీ 2 శాతం తక్కువ చూపుతుంటే ఈ ఊరట లేదు. ఆ తప్పులన్నీ ఒకే దిక్కున నడుస్తాయి, నూరు కొలతలు కూడినా పోవు. పరికరాన్ని విప్పి చూడవలసిందే.

శాతాలు, అవకాశాలు

ముందు 10 శాతం పెరిగి, మళ్లీ 10 శాతం పెరిగితే 20 కాదు, 21. పది పెరిగి పది తగ్గితే మొదటికి రాదు, నూరులో ఒకటి తక్కువ. శాతం దేని మీద తీశామో ఆ అడుగు ప్రతిసారీ కదులుతుంది. అందుకే వీటిని కూడరు, గుణిస్తారు.

అవకాశాల విషయం ప్రాణాలతో ముడిపడినది కాబట్టి కాస్త ఆగుతాను. ‘నూరేళ్ల వరద’ అన్న మాట విని, ఒకసారి వచ్చిందంటే ఇంకో నూరేళ్లు రాదని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు అర్థం అది కాదు. అంత పెద్ద వరద ఏ ఒక్క ఏడాదిలోనైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని మాత్రమే. మరి ఒక ఇంట్లో 30 ఏళ్లు ఉంటే? 30 సార్లు ఒకటి కూడి 30 శాతం అనకండి. అలాగే కూడుతూ పోతే నూరేళ్లకు 100 శాతం, నూటయాభై ఏళ్లకు 150 శాతం వస్తుంది, దానికి అర్థం లేదు. రాని అవకాశాన్ని గుణించండి. ఒక ఏడాది రాకపోవడం 0.99. ముప్పై ఏళ్లు వరసగా రాకపోవడం 0.99ని ముప్పైసార్లు గుణిస్తే సుమారు 0.74. కాబట్టి ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. నూరేళ్లకు 63 శాతం. ఏడాదికి ఒకటే శాతం అని తేలికగా తీసుకున్నవాళ్లకు నేను ఈ 26ను చూపిస్తాను. నాలుగు ఇళ్లలో ఒక ఇంటివాళ్లు ముప్పై ఏళ్లలో చూడబోయే వరద అది.

ఇంకో రెండు చిన్న సంగతులు. శబ్దాన్ని కొలిచే డెసిబెళ్లు కూడా నేరుగా కూడవు. 60 డెసిబెళ్ల పంపు పక్కన అలాంటిదే ఇంకో పంపు ఆడితే 63 మాత్రమే అవుతుంది, పది పంపులాడితే 70. ఇక అంకెలను దగ్గరి పూర్ణాంకానికి సవరించడం: కూడిన తర్వాతే సవరించండి. 2.4ను మూడుసార్లు కూడితే 7.2, అంటే 7. ముందే సవరించి 2, 2, 2 కూడితే 6. పట్టికలో శాతాలన్నీ కలిపి 99 వస్తే ఎవరూ కంగారుపడి ఒక గడిలో ఒకటి పెంచకూడదు, కింద ఒక మాట రాస్తే చాలు.

ఖాళీ గడి

చివరిది నేను అన్నింటికంటే ఎక్కువసార్లు సరిదిద్దింది. నెలలో 30 రోజులు, రెండు రోజులు వర్షమాపకం చదవడం కుదరలేదు. ఆ రెండు గడులూ ఖాళీ. కంప్యూటర్‌కు కూడమని చెబితే అది ఖాళీని వదిలేసి మిగతా 28 రోజులనూ కూడి ‘నెల మొత్తం’ అని చూపిస్తుంది. చదవని రోజు వాన పడని రోజైపోతుంది. తరచుగా గట్టి వాన పడిన రోజునే చదవడం కుదరదు కూడా. దారి మునిగి మనిషి వెళ్లలేకపోయి ఉంటాడు. అంటే లోపించేది మామూలు రోజు కాదు, ఆ నెలలోకెల్లా బరువైన రోజు.

అందుకని సున్నాకూ ఖాళీకీ వేరువేరు గుర్తులు పెట్టండి. కొలిచి, ఏమీ లేదని తెలిస్తే సున్నా రాయండి. కొలవకపోతే అడ్డగీత పెట్టండి. వర్షమాపకంలో నీరు అలాగే నిలిచి ఉండి, మూడో రోజు మూడు రోజులదీ కలిపి చదివితే, ఆ అంకె పక్కన ‘మూడు రోజులది’ అని రాయండి, దాన్ని ఒక్కరోజు వానగా లెక్కించకండి. నెల మొత్తం రాసే గడిలో అంకె ఒక్కటే రాయకండి. దాని పక్కనే కొలమానం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ‘30లో 28 రోజులు’ అన్న మాట కూడా రాయండి. ఆ కుర్రవాడు ఇప్పుడు మరో కేంద్రాన్ని చూసుకుంటున్నాడు. అక్కడి నుంచి వచ్చే ప్రతి పట్టిక అడుగునా, మొత్తం పక్కన, ఆ రోజుల లెక్క పెన్సిలుతో రాసి ఉంటుంది.